వాన నా చేతిలో లేదు

కళింగపట్నం,
9-7-1968

నాన్నకు నమస్కారం, నా ఒంట్లో బాగానే ఉంది.

నిన్న అప్పలసూరి మావ ఎండుచేపలు కొనడానికి ఇక్కడికి వచ్చి, ఒడ్డున నా పని చూసి నవ్వాడు. "ఏటల్లుడా, గాజుపలక గాలికి సూపిస్తన్నావు, పిట్టలు పడతన్నావేటి? వాన ఎప్పుడు కురిపిస్తావో సెప్పు. నీ కార్డు సదివించుకుని ఊరంతా ఆకుమడులు పోసేసినాం. నాకున్న ఇత్తనమంతా అందులోనే ఉన్నాది" అన్నాడు.

సముద్రపు గాలిలోని ఉప్పు నలుసులు పలక మీద బాగా పడుతున్నాయనీ, చినుకు వాటి చుట్టూనే కడుతుందనీ రాసింది నేనే. వాన వస్తుందని మాత్రం రాయలేదు. మా కాలేజీ ప్రొఫెసరుగారు ఆ నలుసులు లెక్కపెట్టమన్నారు, అంతే నా పని. వానకు సాయపడే మంచు పలుకులు ఎత్తు మబ్బుల్లో ఎలా పుడతాయో ఆయనకే ఇంకా తేలలేదు. ఇవాళ కూడా పలక నిండా ఉప్పే. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఈ కార్డు కూడా పోస్టుమేన్ చేత అందరి ముందూ చదివించండి. తలవంపులని దాచకండి. మిగిలిన విత్తనం నేల బాగా తడిస్తే గాని ఎవరినీ పోయవద్దనండి.

మడుల్లో నారు మొలకలు ఇంకా పచ్చగా ఉన్నాయా? మన నూతికి ఏతం వేసి ముందు మావ మడి తడపండి. అమ్మ దగ్గు తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తే నా దుప్పటి పంపండి. అమ్మకూ అత్తకూ దండాలు చెప్పండి.

మన మడి ఎండితే మనం ఎలాగో సర్దుకుంటాం. మావది ఎండితే నేను ఆ గుమ్మం ఎక్కలేను.

మీ కొడుకు,
గణపతిరావు