వీరన్నకు పడాల్సిన అంకె

సదానందం,

ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి మన కథల ఆటలో వీరన్నను పాము కరిచింది. బతుకుతాడో లేదో ఇంకా తేలలేదు.

నువ్వు చనిపోయినా కార్వాన్‌లోని మన గదిలో ఆట ఆగలేదు. నువ్వు చేసిన కథ చెప్పే పని నాకు వచ్చింది. నువ్వు మాట్లాడించిన, వర్తకుల బిడారుకు కాపలాదారు వీరన్న పాత్రను నీ చెల్లెలు పద్మ తీసుకుంది. నీలాగే ఓసారి దగ్గి మాట మొదలుపెడుతుంది. ఆ దగ్గు కోసం అందరం ఎదురుచూస్తాం.

ఎవరి ప్రాణం మీదికొచ్చినా నువ్వు అట్ట చాటున పాచికలు వేసి, ఏది పడ్డా "బతికిండు పో" అనేవాడివి. అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు మనతో ఆడే రషీద్ కంప్యూటర్ తెచ్చి టీవీకి తగిలించాడు. మీట నొక్కితే పాచికలకు బదులు అంకె తెరమీద అందరికీ కనబడుతుంది. నాకు చాటు లేదు.

పద్మ మీటమీద వేలు పెట్టగానే కరెంటు పోయింది.

"అరె భాయ్, మిషన్‌కు గూడ భయమైనట్టుంది. అట్ట ఉన్నది గద, పాచికలు వెయ్యి," అన్నాడు రషీద్.

"వద్దు," అంది పద్మ నాతో. "మా అన్న అబద్ధమాడితే ముఖంల తెల్వకపోతుండె. నువ్వు పేపర్ల పనిచేసి గూడ అబద్ధమాడుడు నేర్వలేదన్నా. నీ ముఖంల తెలిసిపోతది."

రషీద్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"వీరన్న పోతే ఆటకు వస్తావా?" అని పద్మను అడిగాను.

పద్మ చెప్పులేసుకుంది.

వచ్చే ఆదివారం నాలుగింటికి మళ్లీ కూర్చుంటాం. మూడు లోపు అంకె పడితే వీరన్న ఉండడు. మీట పద్మే నొక్కుతుంది.