ఏడు బదులు శాత్

న్యూ టౌన్, ఆదివారం రాత్రి

మునిసిపాలిటీ క్వార్టర్స్‌లోని మన తెలుగు పిల్లలకి తెలుగు అంకెలు రావాలని ఈ రోజు తొక్కుడుబిళ్ల గీశాను. ఏ గడిలో దూకితే ఆ అంకెను గట్టిగా అరవాలి. గౌరి చక్కగా గెంతుకుంటూ వచ్చి, ఆరు దాటగానే "శాత్!" అంది. మళ్ళీ ఎనిమిది, తొమ్మిది తెలుగులోనే. ఇక్కడి పిల్లలు బెంగాలీ కలపడం మామూలే కదా అనుకుని, "శాత్ కాదమ్మా. ఏదీ, ఏడు అను" అన్నాను. ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయింది. నేను ఊరుకోకుండా మళ్ళీ "ఏడు" అన్నాను.

గుమ్మంలో బియ్యం ఏరుతున్న వాళ్ళ నాన్నమ్మ లేచి వచ్చింది. "ఒగ్గేయమ్మా. దాని తల్లి పోయినప్పుడు ఆడోళ్ళందరూ దీన్ని పట్టుకుని 'ఏడు, ఏడు' అన్నారు. గుంట ఏడవనేదు. అప్పట్నుంచి ఆ మాటంతే బెదిరిపోతాది."

ఇన్నాళ్ళూ నాకది ఉత్త అంకె.

నేనూ "శాత్" అంటూ ఆ గడి దాటాను. గౌరి నా వెనకే గెంతింది. అలా అనడం మంచిదో కాదో ఇప్పటికీ తేలడం లేదు. రేపు బెంగాలీ బడిలో వేస్తారు. అక్కడ తెలుగు అంకెలతో పనే ఉండదు. ఆ మాట అనకుండానే, ఆ ఏడుపు ఏడవకుండానే పెద్దదైపోతుందేమో.

వచ్చేస్తుంటే నా చున్నీ పట్టుకుని మెల్లగా అడిగింది.

"దీదీ, బెంగాలీవోళ్ళింట్లో అమ్మ పోతే, పిల్లల్ని 'శాత్, శాత్' అంతారా?"