ఇచ్చట పాత వెర్షన్ కలదు

శ్రీయుత సహాయ అధికారి గారి సముఖమునకు,
ఆన్‌లైన్ దరఖాస్తుల విభాగం, ఉద్యోగ నియామకాల శాఖ, హైదరాబాదు.

అర్జీదారు: వేమూరి జోగారావు, నెట్ సెంటర్ యజమాని, అశోక్ నగర్. నివాసం చిక్కడపల్లి, కిరాయి వాటా.

అయ్యా,

విషయం: మా కేంద్రమందలి కంప్యూటర్‌లో బ్రౌజర్ కొత్త వెర్షన్ ఎక్కకపోవుట, దానిని ఎక్కించుటకు శాఖ తరఫున మనిషిని పంపవలెనని, ఫోను వద్దనియు మనిషే కావలెననియు మనవి.

తమరు స్త్రీ అని నాకు తెలియును. అయినను అర్జీకి ‘అయ్యా’ యే మొదలని నేను టైపు నేర్చుకొన్న నాడు చెప్పినారు, నేను నేర్పిన నాడు నేనూ అదే చెప్పితిని. ఈ వయసులో మార్చలేను, మన్నించవలెను. తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. మా కేంద్రం కోచింగ్ సెంటర్ల వెనుక సందులో, కురుమమ్మ టీ కొట్టుకు ఎదురుగా ఉన్నది. ఈ సంగతి తమరు ఎరుగనిది కాదు. మొదట టైపు ఇన్‌స్టిట్యూట్, టైపు మిషన్లు మూలబడిన పిమ్మట నెట్ సెంటర్. తమ శాఖ వెబ్‌సైటు చాలాకాలము పాత వెర్షన్ బ్రౌజర్‌లో మాత్రమే తెరుచుకొనెడిది. లోకమంతా కొత్త వెర్షన్లకు పోగా, బ్రౌజర్ తనంతట తానే మారిపోయే ఏర్పాటును ఆపి, పాతదానిని కంటికి రెప్పలా కాపాడినవాడను నేను. గుమ్మమునకు ‘ఇచ్చట పాత వెర్షన్ కలదు’ అని బోర్డు కూడ కట్టితిని. నోటిఫికేషన్ పడిన నాడు కవాడిగూడ నుండి, బాగ్ లింగంపల్లి నుండి సైతం అభ్యర్థులు వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. సాయంత్రానికి మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయేది. ఇప్పుడు గొంతు బాగానే ఉన్నది.

2. ఇటీవల తమ శాఖ వెబ్‌సైటు మారినది. ఏ ఫోనులోనైనా తెరుచుకొనుచున్నది. పిల్లలు హాస్టల్ మంచం మీద పడుకొనియే దరఖాస్తు చేసుకొనుచున్నారు. మంచి పనే, కాదనను. కాని మా కంప్యూటర్‌లో మాత్రం ఎర్రని అక్షరములతో ‘మీ బ్రౌజర్ పాతబడినది, కొత్త వెర్షన్ వేసుకొనుడు’ అని వచ్చుచున్నది. కొత్తది వేసుకొమ్మంటే సరిపోదా? పాతబడినదని ముఖం మీద అనడం దేనికి? సదరు హెచ్చరిక కింద సంప్రదించవలసిన అధికారిగా తమరి పేరే ఉన్నది. ఆ పేరు చదివి నేను కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివితిని.

3. శాఖవారి ఆజ్ఞ మేరకు కొత్త వెర్షన్ దింపుకొంటిని. ఎక్కించబోగా, అంతా అయినట్లే అయి, చివరకు వచ్చి ఆగుచున్నది. ‘పాత వెర్షన్‌లో ఒక పేజీ తెరచియున్నది, దానిని మూసివేసిన పిమ్మటనే కొనసాగును’ అని చెప్పుచున్నది. కింద రెండు గడులు: ‘మూసివేయి’, ‘వద్దు’. ప్రతి ఉదయం నేను ‘వద్దు’ నొక్కుచున్నాను. ఒక్క పేజీ మూస్తే తీరిపోయే దానికి ఇంత అర్జీ ఎందుకని తమ కార్యాలయంవారు నవ్వవచ్చును. తమరు నవ్వరు. ఆ పేజీ తమరిది.

4. మా కేంద్రం ఆనవాయితీ తమరికి తెలిసినదే అయినను, అర్జీ నలుగురి చేతులు మారును గనుక ఇక్కడ వ్రాయుచున్నాను. నాది మంచి హస్తవాసి అని అశోక్ నగర్‌లో ఒక పేరు పడినది. ఎవరు పెట్టిరో తెలియదు, నేను మాత్రం కాదనలేదు. అభ్యర్థి వివరములన్నీ తానే నింపి, ఆఖరి బటన్ నా చేత నొక్కించుకొనును. నొక్కిన తరువాత ‘మీ దరఖాస్తు స్వీకరించబడినది’ అని వచ్చిన పేజీని మూయరాదు. ఫలితము వచ్చిన నాడు ఆ అభ్యర్థియే స్వయంగా వచ్చి, తన చేతితో మూయవలెను. ఉద్యోగం వచ్చినవారు మిఠాయి పెట్టి మూసేవారు. రానివారు టీ తాగి మూసేవారు. ఇతరుల పేజీ మనం మూస్తే వారి అదృష్టం మూసినట్లని భయం. ఇది శాస్త్రంలో ఉన్నదా అని అడిగితే లేదు. మా సందులో ఉన్నది.

5. తమరు నల్లగొండ వైపు నుండి వచ్చి, మొదటిసారి మా మెట్లెక్కిన నాడు, ఆఖరి బటన్ దగ్గర చెయ్యి వెనక్కి తీసుకొని, “అంకుల్, మీరే నొక్కుండ్రి. నా చెయ్యి నాకు అచ్చొస్తలేదు” అన్నారు. నొక్కితిని. రాలేదు. మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ నొక్కితిని, మళ్లీ రాలేదు. రాని ప్రతిసారి వచ్చి, తమరి పేజీ తమరే మూసి, ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చొని, ఏడ్వకుండా టీ తాగినారు. నా భార్య ప్రభావతి తమరికి ఉప్మా పెట్టేది. ఆమె కాలం చేసిన తరువాత, వేలి కణుపుతో నీళ్లు కొలిచి అన్నం వండుట నాకు నేర్పినది తమరే. ఇప్పటికీ అట్లే వండుచున్నాను. ఒక్కొక్క రోజు ఇద్దరికి సరిపడా పడుచున్నది, అది నా చేతి తప్పు, కణుపుది కాదు.

ఆఖరిసారి దరఖాస్తు పేజీ ఇంకను తెరచియే ఉన్నది. అందులో తమరి ఫొటో ఉన్నది. స్టూడియోవాడు నవ్వవద్దన్నాడని మూతి బిగించుకొని ఉన్నారు. ఈసారి ఉద్యోగం వచ్చినదని కురుమమ్మ ఎవరి నోటనో విని పరుగెత్తుకొని వచ్చి చెప్పినది. ఆ రోజు బాగా పొద్దుపోయేదాకా షట్టర్ దించలేదు. మరునాడు ఆదివారమైనా తెరచితిని.

ఓడినప్పుడల్లా వచ్చారు. గెలిచినప్పుడు రాలేదు.

నాకు కోపం లేదు. కొంచెం ఉన్నది. కొత్త ఉద్యోగం, కొత్త ఊపిరి, తీరిక ఉండదు, నాకు తెలియదా? “ఏరు దాటినంక తెప్పతోని ఏం పని సారూ” అని కురుమమ్మ అన్నది. ఆ సామెత నేను ఒప్పుకొనలేదు. తమరు తెప్పను తగలబెట్టలేదు, ఒడ్డున వదిలినారు, అంతే. వదిలిన తెప్ప ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది.

6. తమ శాఖ సహాయ కేంద్రమునకు ఫోను చేయగా వినయ్ అను ఉద్యోగి పలికినాడు. చాలా మర్యాదస్తుడు. మనిషిని పంపుమంటిని. మనుషులను పంపే పద్ధతి లేదనియు, దూరం నుండియే మా కంప్యూటర్‌లోకి వచ్చి చేయుదుననియు చెప్పినాడు. ఏవో అంకెలు చదువుమన్నాడు, చదివితిని. తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలినది. చాలా రోజులకు మా గదిలోకి ఒకరు వచ్చినట్లయినది. కుర్చీ జరిపి, “టీ తాగుతావా బాబూ?” అంటిని.

“సార్, నేను ఆఫీసుల ఉన్న. మీరు జర మౌస్ మీదికెళ్లి చెయ్యి తీయుండ్రి, నేను చేస్త.”

అతడు చేయుచుండగా నేను అతని ఊరు, పేరు, పెళ్లి సంగతి అడిగితిని. అన్నిటికి జవాబు చెప్పినాడు, పాపం. అంతలో ఆ బాణం తమరి పేజీ మూలనున్న గుణకారపు గుర్తు వైపు పోవుచుండుట చూచితిని. గోడ దగ్గరికి పోయి నెట్ తీగ పీకివేసితిని. తరువాత అతడు ఫోను చేసి, ఏమైంది సార్ అని పరేషాన్ అయినాడు. తీగ ఊడినదని చెప్పితిని. ఊడినది ఎట్లో చెప్పలేదు. మా గదికి వచ్చిన ఒక్క మనిషిని నేనే వెళ్లగొట్టినట్లయి, ఆ పూట అన్నం సయించలేదు.

7. నారాయణగూడలో కంప్యూటర్లు బాగుచేయు జాగాకు కూడ నడిచి పోయితిని. వారు పెట్టె తెమ్మన్నారు. పెట్టె తేవలెనన్న కంప్యూటర్ ఆర్పవలెను, ఆర్పిన పేజీ పోవును. వట్టి చేతులతో తిరిగి వచ్చితిని. దారిలో చిక్కడపల్లి ఇంటికి పోదామనుకొని మళ్లీ కేంద్రమునకే వచ్చితిని. ఇంట్లో ఏమున్నది? కుక్కను పెంచుదామంటే ఇంటి యజమాని ఒప్పుకొనలేదు. ఇక్కడైతే ఉదయం షట్టర్ ఎత్తగానే ఆ ఫొటోతో “ఏమ్మా, లేచావా?” అని ఒక మాట అనవచ్చును. అది అంటేగాని నాకు రోజు మొదలు కాదు. ఈ మాట అర్జీలో ఉండదగినది కాదని తెలియును. కొట్టివేద్దామంటే ఇది టైపు మిషను మీద కొట్టుచున్న అర్జీ, వెనక్కి పోవుటకు వీలు లేదు.

కురుమమ్మ మధ్యాహ్నం గ్లాసు పెట్టిపోతూ, “గా ఫొటో ముంగట ఒక్కనివే కూసుంటే ఏమొస్తది సారూ? దుకాణం బంద్ వెట్టి ఇంటికి పో” అన్నది. ఆమె మంచికే అన్నది. కాని ఎవరి ఇంటికి పోవలెనో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

8. శాఖవారు పాత వెర్షన్‌ను తిరిగి అనుమతించవలెనని నేను కోరుట లేదు. కాలంతో పాటు పోవలసినదే. కొత్త నోటిఫికేషన్ రాబోవుచున్నదని వినికిడి. ఫోను లేనివారో, ఫోనులో నింపుటకు భయపడువారో, నా హస్తవాసి కావలసినవారో ఒకరిద్దరైనా మెట్లెక్కవచ్చును. అప్పటికి మా కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఉండవలెను. అది ఎక్కవలెనన్న పాతది మూయవలెను. పాతది మూయవలెనన్న ఆ పేజీ మూయవలెను. ఆ పేజీ మూయు అధికారం నాకు లేదు, వినయ్‌కు లేదు, తమ శాఖలో మరెవ్వరికిని లేదు. ఒక్క తమరికే ఉన్నది.

కావున, సదరు అధికారి స్వయముగా ఒక సాయంకాలం మా కేంద్రమునకు విచ్చేసి, తమ స్వహస్తముతో ఆ పేజీని మూసి, కొత్త వెర్షన్ ఎక్కు వరకు కిటికీ పక్క కుర్చీలో కూర్చుండవలెనని కోరుచున్నాను. ఎక్కుటకు కొంతసేపు పట్టును. నెట్ నిదానము. టీ కురుమమ్మ ఇచ్చును. ఆనవాయితీ ప్రకారం మిఠాయి తమరు తేవలసియున్నది. మైసూర్ పాక్ అయిన ఎడల అర్జీదారుకు అభ్యంతరము లేదు.

అర్జీని తీరికలో చిత్తగించవలెను, తీరిక లేకున్నచో మా సందు మలుపును ఒక్కసారి మనసున తలచుకొనవలెను.

ఇట్లు,
ఎన్నోసార్లు తమ బటన్ నొక్కిన,
తమ విధేయుడు,
వేమూరి జోగారావు

తా.క.: ఇది చేత్తో రాస్తున్నాను. పై అర్జీకి సంతకం పెట్టి, కవరు మీద అడ్రసు రాసేలోపు పెద్ద వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు మూలిగి ఊరుకుంది. చీకట్లో కూర్చున్నాను. కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతట అదే లేచి, ఎవరినీ అడక్కుండా కొత్త వెర్షన్ ఎక్కించేసుకుంది. తెరంతా తెల్లగా, శుభ్రంగా, ‘స్వాగతం’ అంటోంది. నీ పేజీ లేదు. చాలాసేపు వెతికాను. తెలిసినవన్నీ నొక్కాను. లేదు.

నీ అదృష్టానికేమీ కాలేదు, భయపడకు. మీ శాఖ వెబ్‌సైటు కూడా చక్కగా తెరుచుకుంది. కింద నీ పేరు ఉంది, పేరు కింద హోదా ఉంది. ఫొటో మాత్రం లేదు.

కురుమమ్మ వాన ఆగాక వచ్చి చూసి, “పాయెనా సారూ? మంచిగైంది తియ్యి. ఇగ గా పిల్ల రాకున్నా నీ పని ఆగది” అంది. నన్ను ఓదార్చడానికే అంది. నాకు ఏడుపొచ్చింది.

నిజమే, సంధ్యా. పై అర్జీలో ఇక పని ఏదీ మిగల్లేదు. నిన్ను రమ్మనడానికి నా దగ్గర కారణమంటూ లేదు. చింపేద్దామనుకుని, చింపలేక పంపుతున్నాను.

మిఠాయి తేవద్దు, నాకు షుగర్ వచ్చింది. ఊరికే రా.