అరిగిన రబ్బరు

జ్యోత్స్న నాయినా,

మన జ్యోత్స్నకు దగ్గు తగ్గలేదు, జనగామ దవాఖానకు తీసుకపోతున్నాను. గంజులో అన్నం ఉంది. ఆటో టైర్లకు గాలి చూపించు, గాలి తక్కువుంటే తొందరగా అరుగుతాయట. మన ఇంటి ముందటి మలుపులో గట్టిగా బ్రేకు కొట్టకు. చక్రాలు వాకిట్లో కడగకు, పాప అక్కడే పాకుతుంది.

"రోడ్డు మీద అరిగిన రబ్బరు ఇంట్లకెందుకొస్తదే పిచ్చిదానా" అని మొన్న నేను ఈ మాటంటే నవ్వినవు. పొద్దున పాప ఊయల తుడిస్తే తడిబట్టకు నల్లటి పొట్టు అంటింది. నలిపితే మట్టిలా రాలలేదు, సాగి చుట్టుకుంది. కండ్లు మూసినా ఆ నలుపే కనిపిస్తోంది. బడిలో రాత చెరిపే నా రబ్బరు అరిగి మాయమైందనుకునేదాన్ని. చూస్తే పొట్టంతా పుస్తకంలోనే ఉండేది.

ఆ బట్ట ఉతకలేదు, ఊయల మీదే ఉంచిన. వేళ్ల నడుమ నలిపి చూడు. అప్పుడు కూడా నవ్వొస్తే నవ్వు.