మైకులో నీ పేరు

మనది పెళ్లే కాదంటూ మన టౌన్ కౌన్సిల్ నిన్న తీర్మానం పెట్టింది. ఆడామగా చేసుకుంటేనే పెళ్లని ఊరంతటి తరఫునా ప్రకటిస్తారట. తుది ఓటు వచ్చే మంగళవారం.

గ్యారేజ్ నుంచి గ్రీజు చేతులతోనే ఆ మీటింగ్‌కి వెళ్లి మైకు పట్టుకున్నాను. "మేమిద్దరం కోర్టులో సంతకాలు పెట్టాం. ఒకరి తల మీద ఒకరం జీలకర్ర, బెల్లం పెట్టుకున్నాం. నా భార్య పోయినేడు చనిపోయింది. మా పెళ్లి మీకేం అడ్డొచ్చింది?" అని నాకొచ్చిన ఇంగ్లిష్‌లో అడిగాను. బెల్లం అనగానే ఎవరో నవ్వారు.

కిటికీల బయట మంచు ఎంత మెల్లగా పడుతోందంటే, హాలే పైకి తేలిపోతున్నట్టుంది. చివరి వరసలో నువ్వు కూర్చుని, జుట్టులో అంటుకున్న బెల్లం తీసుకుంటున్నావు. నేను తప్ప నిన్నెవరూ చూడలేదు.

బయటికొస్తుంటే ఇండియన్ స్టోర్ అంకుల్ ఆపాడు.

"ఫ్రెండ్ కోసం ఇంత గొడవ దేనికమ్మా?"

"ఫ్రెండ్ కాదంకుల్, పెళ్లాం."

"సర్లే, ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పకు తల్లీ. మీటింగ్ వీడియో ఆన్‌లైన్‌లో పెడతారు. వాళ్లమ్మానాన్నా చూస్తే?"

మీవాళ్లకి నేనింకా నీ రూమ్‌మేట్‌నే. కానీ పేరు చెప్పని భార్య ఈ కౌన్సిల్‌వాళ్లకి కట్టుకథే. మంగళవారం మళ్లీ మైకు ముందు నిలబడతాను. నీ పేరు చెప్పొద్దంటే సోమవారంలోపు కలలోకొచ్చి ఆ మాట చెప్పు. రాలేదో, గట్టిగా చెప్పేస్తాను.