నేను ఎంచిపెట్టిన గిటార్

13 జూలై 2025, ఆదివారం

వెంకటలక్ష్మిగారితో తాడేపల్లిగూడెం వెళ్ళి గిటార్ కొనిపెట్టి వచ్చాను. ఆవిడ మా స్కూల్ ఆఫీసులో క్లర్కు. మండవల్లి నుంచి రోజూ బస్సులో ఏలూరు వస్తారు. ఇంటి దగ్గర చేపల చెరువులు, వరిచేలు. యాభయ్యో ఏట గిటార్ మీద మనసు పడింది. మీరు ఫిజిక్స్ సారు, పైగా వాయిస్తారు, మీ హస్తవాసి కూడా మంచిదండీ, మీరు ఏది చూపిస్తే అదేనండీ అన్నారు. నేను చూసిపెట్టిన మిక్సీ వాళ్ళింట్లో పదకొండేళ్ళుగా తిరుగుతోందట.

బడ్జెట్ పన్నెండు వేలు. బస్సులో దారి పొడుగునా పాఠం చెప్పాను. రంగు చూడకూడదు. పైచెక్క అసలు చెక్కో, ప్లైవుడ్డో చూడాలి. తీగలు నెక్‌కి, అంటే వేళ్ళతో నొక్కే పొడుగు కర్రకి, మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు తెగుతాయి. అన్నిటికంటే ముందు, ఒక కన్ను మూసి నెక్ పొడుగునా చూడాలి, తిన్నగా ఉందో లేదో. ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

షాపులో ఎవరో అమ్మేసిన పాత గిటార్ ఒకటి ఉంది. పైన అసలు చెక్క. ఒక్క జీ కార్డ్ వాయించగానే నాకు ఒళ్ళు జల్లుమంది. ధర పదకొండు వేలు. ఆవిడ చెయ్యి కూడా ముందు దాని మీదికే వెళ్ళింది. గిటార్ మధ్యనున్న బొక్క పక్కన పాలిష్ పోయిన మచ్చని బొటనవేలితో తడిమి, ఎవరో బాగా వాయించి ఉంటారండీ అన్నారు.

సెకండ్ హ్యాండ్ వద్దండీ, ఎవరి చేతిలో ఎలా నలిగిందో అన్నాను. నీలం రంగు కొత్తది ఒకటి తీయించాను. ఒక కన్ను మూసి చూశాను. నెక్ మెలి తిరిగి ఉంది. కొంచెమే. బాగుందండీ అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు.

20 జూలై

వెళ్ళి ఆ పాతది నేను కొనుక్కున్నాను.

27 జూలై

పొద్దున్న వాయిస్తుంటే శ్రీవిద్య వంటింట్లోంచి వచ్చి నిలబడి వింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నా వాయిద్యం వినడానికి వంటింట్లోంచి రావడం ఇదే మొదలు. ఇంత మంచిది దొరుకుతుంటే పాపం ఆవిడకి చెప్పలేకపోయారా అంది. దొంగకు తేలు కుట్టినట్టయింది. తర్వాత దొరికిందిలే అన్నాను.

22 ఆగస్టు

బడి వదిలాక ల్యాబ్‌లో వెంకటలక్ష్మిగారికి నేర్పుతున్నాను. సీ, జీ కార్డ్‌లు వచ్చాయి. ఎఫ్ రావడం లేదు. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడాలి. ఆ నెక్ మీద పడదు. ఆవిడ వేలి కొన చిట్లింది. పసుపు అద్దుకుని వచ్చారు. నారు పీకిన వేళ్ళండీ, ఇప్పుడేం వంగుతాయి అన్నారు.

ఎఫ్ అందరికీ కష్టమేనండీ, సాధన చేయండి అన్నాను. నా జన్మలో ఇంత సిగ్గుమాలిన మాట అనలేదు.

25 ఆగస్టు

సర్వీసింగ్ చేస్తానని ఆవిడ గిటార్ ఇంటికి తెచ్చాను. తీగల కిందున్న దిమ్మని అరగదీశాను. నెక్ లోపలి బోల్టు తిప్పాను. వంపైతే ఆ బోల్టుతో పోయేది. ఇది మెలి. పోదని నాకు ముందే తెలుసు. కొత్త తీగలు వేసి తిరిగిచ్చాను. మీకెంత శ్రమండీ అన్నారు.

12 సెప్టెంబర్

తెల్లారగట్ట లేచి చెరువు గట్టు మీద సాధన చేస్తున్నారట. నీ ఎఫ్ దెబ్బకి కొల్లేటి కొంగలు కూడా మన గట్టు మీద వాలడం లేదే అని వాళ్ళాయన వెంకట్రాజుగారు ఏడిపిస్తున్నారట. చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గిటార్‌ని ఏమీ అననివ్వనండీ, మీరు ఎంచింది, లోపం నా చేతిలోనే ఉందండీ అన్నారు.

ఈ రోజు చెప్పేయాలనుకున్నాను. ఇంటర్వెల్‌లో నోరు తెరిచాను. బెల్ కొట్టారు. బెల్ మీద నెపం పెట్టి ఊరుకున్నాను.

2 అక్టోబర్, విజయదశమి

నిన్న ఆయుధపూజకి శ్రీవిద్య పుస్తకాల పక్కన నా గిటార్ పెట్టి బొట్లు పెట్టింది. ఈ రోజు ఉద్వాసన చెప్పకముందే వెంకటలక్ష్మిగారు, వెంకట్రాజుగారు వచ్చారు. పళ్ళెంలో జరీ పంచె, కండువా, అరటిపళ్ళు. మీరు తినరు కాబట్టి చేపలు తేలేదండీ అని ఆయన జోకు వేశారు.

ఆవిడ పూజ వైపు చూశారు. దగ్గరికెళ్ళి ఆ మచ్చని బొటనవేలితో తడిమారు.

మీరు తీసుకున్నారాండీ, మంచిపని చేశారండీ, నా చేతిలో పడుంటే పాడైపోయేదండీ అన్నారు. వెటకారం కాదు. వెటకారమైతే బాగుండును.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఇక మానేస్తారట. తన వల్ల కాదని తేలిపోయిందట. నేర్పినందుకు దసరా పూట బట్టలు పెట్టి వెళదామని వచ్చారట. నేను వయసులో చిన్నవాణ్ణి, అయినా దణ్ణం పెట్టబోయారు. వెనక్కి జరిగితే బీరువా తగిలింది.

వాళ్ళు వెళ్ళాక శ్రీవిద్య గిటార్ మీది బొట్లు తుడిచేసింది.

7 అక్టోబర్

గిటార్ ముట్టుకోలేదు.

11 అక్టోబర్

నేనేమీ అడగనండీ, కానీ ఆ పంచె కట్టుకుంటే మాత్రం నా ఎదురుగా కట్టుకోకండి అంది శ్రీవిద్య.

12 అక్టోబర్, ఆదివారం

ఆ పాత గిటార్, పంచె పట్టుకుని మండవల్లి వెళ్ళాను. గుమ్మం ముందు నిలబడి అంతా చెప్పాను. మెలి చూసి కూడా బాగుందన్నానని, మరుసటి ఆదివారం వెళ్ళి మంచిది నేను కొనుక్కున్నానని. వెంకట్రాజుగారు చేపల మేత బస్తా కిందికి దించారు.

ఆవిడ అడిగింది ఒక్కటే. అయితే నా వేళ్ళు బాగానే ఉన్నాయాండీ అని.

బాగానే ఉన్నాయండీ అన్నాను.

గిటార్ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మూడోసారికి ఎఫ్ మోగింది. శుభ్రంగా.

కాఫీ మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగింటికి బస్సుందండీ అన్నారు వెంకట్రాజుగారు. అప్పటికి రెండున్నర.