మంచం తిరగని మలుపు

హెడ్ నర్సు మేంగ్ ఓక్‌హీ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నేను కొత్త ఆసుపత్రిలో గచ్చు తుడిచే మనిషిని. ప్రారంభానికి మూడు రోజుల ముందు, అందరి చేతా రిహార్సల్ చేయిస్తూ, మీరు నన్ను పురిటి మనిషిగా చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఆపరేషన్ గది మలుపులో మంచం ఇరుక్కుంది.

"గట్టిగా తోస్తే పోతుందిలే. ప్రారంభానికి పిలుపులు కూడా వెళ్లిపోయాయి" అన్నారు పెద్ద డాక్టరు గారు.

మీరు నా మీదికి వంగి, "పడుకున్నది మీరు కదక్కా, మీరు చెప్పండి" అన్నారు.

"ఇక్కడ ఆగితే ప్రాణం పోతుందమ్మా" అన్నాను.

నా మాట పట్టుకుని మీరు ప్రారంభాన్ని పది రోజులు వాయిదా వేయించారు. డాక్టర్లు, నర్సులు, మేస్త్రీలు ఒక్కటై గోడ కొట్టి దారి వెడల్పు చేస్తుంటే మీరూ ఇటుక పెళ్లలు ఎత్తారు. ఆలస్యానికి నింద మీరొక్కరే మోసి సియోల్ వెళ్లిపోయారు.

నిన్న రక్తం పోతున్న బొక్‌సున్ అనే జాలరి ఇల్లాలిని తెచ్చారు. మంచం ఎక్కడా ఆగలేదు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. బాలింతకు పెట్టే సముద్రపు నాచు పులుసు నేనే వండి తీసుకెళ్లాను.

అప్పుడు చెప్పలేదు గానీ, ఇరవై ఆరేళ్ల కిందట ఈ ఊళ్లో ఆసుపత్రి లేక, పట్నం వెళ్లే బస్సులోనే నా బిడ్డ పోయింది. నిన్న ఆ పసిగుడ్డు ఏడుపు వినగానే నాకూ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు హాయిగా ఏడ్చానమ్మా.

తల వంచి నమస్కరిస్తూ,
మీ ఆసుపత్రి మనిషి